చింతగింజ చెప్పే పాఠం

వార్షికోత్సవ సంచికకు పదిమందికి పనికొచ్చే విషయం ఏదైనా రాయమన్నారు. మేము చింతగింజ గురించి రాస్తున్నాం. నవ్వకుండా చివరిదాకా చదవండి.

పుస్తకం ముందు కూర్చుంటాం. కళ్లు అక్షరాల మీద, మనసు ఇంటి దగ్గర. ఇది మనందరికీ అనుభవమే. మనసు ఎక్కడికి పోయిందో గమనించి, తిట్టుకోకుండా మళ్లీ చేస్తున్న పని మీదికి తెచ్చుకోవడాన్ని ఎరుక అంటారు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ అనే ఆచార్యుడు ఒత్తిడి తగ్గించుకునే శిక్షణ ఒకటి ప్రారంభించారు. ఆ శిక్షణలో ఒక ఎండుద్రాక్షను చేతికిచ్చి, మొదటిసారి చూస్తున్నట్టు చూడమంటారు, వాసన చూడమంటారు, మెల్లగా తినమంటారు. మనకు ఎండుద్రాక్ష ఎందుకు? చింతగింజ చాలు.

ఒక గింజను అరచేతిలో పెట్టుకోండి. దాని నునుపు, అంచుల వంపు, వెలుగులో మెరిసే గోధుమ రంగు చూడండి. వేళ్ల మధ్య తిప్పండి. మనసు పక్కకు పోతే మళ్లీ గింజ దగ్గరికి తెచ్చుకోండి. ఐదు నిమిషాలు చాలు. ఆ తరువాత ఒక ప్రశ్న వేసుకోండి: ఇది ఇక్కడిదాకా ఎవరెవరి చేతుల మీదుగా వచ్చింది?

గింజ నాటితే చెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. నాటిన తాత పండు తింటాడన్న నమ్మకం లేదు. కొండపల్లి బొమ్మల ముక్కలను అతికేది రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కే. గొంగడి నేసేవారు ఉన్ని నూలుకు పెట్టే గంజి కూడా ఈ గింజలదే. 1908 సెప్టెంబరులో మూసీ నదికి వరద వచ్చినప్పుడు హైదరాబాదు అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. అంతటి చెట్టూ ఒకప్పుడు ఇంత గింజే కదా!

ఇక మా సంగతి. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కడం మాతోనే మొదలు. పి.జి. మొదటి సెమిస్టర్‌లో ఒక పేపర్ పోయింది. ఇంటికి పోయి కూలికి పోదామని ట్రంకుపెట్టె సర్దుకున్నాం. పెట్టె అడుగున నాలుగు చింతగింజల బద్దలు దొరికాయి. ఎనిమిదో తరగతిలో అష్టాచెమ్మా కోసం గచ్చు మీద అరగదీసినవి. అవి మా అమ్మ కొట్టిన చింతపండులోవి. ఎండాకాలం మొదట్లో అమ్మ పొద్దంతా కూర్చుని చింతకాయల పెంకు తీసి, గింజలు కొట్టి, కిలోల లెక్కన కూలి తెచ్చేది. రాత్రి అన్నం కలుపుతుంటే వేళ్ల పగుళ్లలోకి కారం దిగి మంట పుట్టేది. “ఏం లేదు, నువ్వు తిను బిడ్డా” అనేది.

ఆ బద్దలు చేతిలో పట్టుకొని చాలాసేపు కూర్చున్నాం. చింతగింజ మమ్మల్ని పాస్ చేయించలేదు. కానీ ఆ పూట బస్సు ఎక్కకుండా ఆపింది. మరుసటి రోజు సీనియర్ అన్న దగ్గరికి పోయి, అర్థం కాని పాఠాలు సిగ్గుపడకుండా అడిగాం. తరువాత ఆ పేపర్ పాసయ్యాం.

కృతజ్ఞత మీద పరిశోధనలు కూడా జరిగాయి. 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెకల్లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు విద్యార్థులు పది వారాలపాటు, వారానికి ఒకసారి, తమకు మేలు చేసిన విషయాలు ఐదుదాకా రాశారు. చికాకులు రాసినవారికన్నా వీరు తమ జీవితం గురించి మెరుగ్గా భావించారని తేలింది. మనమూ నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోవచ్చు: కిటికీలోంచి వచ్చిన వేపగాలి, బోరింగు కొట్టి బిందె నింపిపెట్టిన రూమ్మేటు, వేడి వేడి చారు.

అయితే ఒక్క మాట. కృతజ్ఞత అంటే నోరు మూసుకోవడం కాదు. అన్నంలో రాళ్లొస్తే వార్డెన్ గారికి మర్యాదగా చెప్పాలి. స్కాలర్‌షిప్ రాకపోతే అర్జీ పెట్టాలి. అమ్మ చేతులను నిజంగా చూసినవాడికి ఆమె కూలి ఎంత తక్కువో కూడా కనిపిస్తుంది. కళ్లు తెరిచి చూడటమంటే రెండూ చూడటమే.

తమ్ముళ్లూ, ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక గింజ జేబులో వేసుకొని రండి. మనసు బాగోలేని రోజున తీసి చూడండి. పెట్టె సర్దుకోవాలనిపిస్తే ముందు దాన్ని పట్టుకొని కాసేపు కూర్చోండి. ఆ తరువాత పక్క గది తలుపు తట్టండి. అక్కడ మీలాంటివాడే ఒకడు ఉంటాడు.