కొత్త ఊరిలో సంఘాన్ని వెదుకుతున్నారా?



రెండేళ్ల క్రితం ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోన్ మోగింది. "అయ్యగారూ, మా నాన్నగారు ప్రభువునందు నిద్రించారు. రేపు సమాధి కార్యక్రమం జరిపించడానికి మాకిక్కడ ఎవరూ లేరండీ" అని ఒక యువకుడు ఏడుస్తున్నాడు. నా నంబరు ఎవరో బంధువులు ఇచ్చారట. గోదావరి జిల్లా నుంచి హైదరాబాదు వచ్చి తొమ్మిదేళ్లయిన కుటుంబం. సొంత ఊళ్లో తాతగారు సంఘ పెద్ద. ఇక్కడ మాత్రం ఏ సంఘపు పుస్తకంలోనూ వాళ్ల పేరు లేదు. ఆదివారం యూట్యూబ్‌లో వాక్యం వినేవారు. నగరంలో క్రైస్తవ సమాధుల తోటలో చోటు కావాలంటే చాలాచోట్ల సంఘకాపరి ఉత్తరం అడుగుతారు. ఆ ఉత్తరం కోసం తండ్రి దేహాన్ని ఇంట్లో పెట్టుకుని ఆ అబ్బాయి అప్పటికే నలుగురికి ఫోన్ చేశాడు.

మరునాడు సమాధి దగ్గర అతని తల్లి నాతో మెల్లగా చెప్పింది. "వచ్చిన కొత్తలో మీ గుడికే వచ్చామయ్యగారూ. ఆరు ఆదివారాలు వచ్చాం."

నాకు వాళ్ల ముఖాలు గుర్తు లేవు.

కాబట్టి ఈ మాటలు ఊరు మారేవారికి ఎంతో, అక్కడ ముందే ఉన్నవారికీ అంతే. అందులో నాకు మరీ ఎక్కువ.

ఊరు మారేవారితో ముందుగా ఒక మాట. సామాను సర్దుకునేటప్పుడే మీ సంఘకాపరి దగ్గర బదిలీ పత్రం తీసుకోండి. దీన్ని ఆఫీసు కాగితంలా చూడవద్దు, అపొస్తలుల నాటి అలవాటిది. కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను చేర్చుకోమని పౌలు రోమా సంఘానికి రాశాడు (రోమా 16:1-2). అపొల్లో అకయకు వెళ్తుంటే ఎఫెసులోని సహోదరులు అక్కడి శిష్యులకు ఉత్తరం రాసిచ్చారు (అపొ. కా. 18:27). అంత గొప్ప బోధకుడికే ఉత్తరం కావలసి వచ్చింది! దానితోపాటు బాప్తిస్మపు పత్రం, నిర్ధారణ పొందినవారైతే ఆ పత్రం కూడా దగ్గర ఉంచుకోండి. పిల్లల పెళ్లిళ్లప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

మీరు సి.ఎస్.ఐ. వారైతే దారి కొంత సులువు. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలు కలిసి ఒక్కటయ్యాయి కనుక, డోర్నకల్ డయోసిస్ సభ్యుడు చెన్నైలోనైనా బెంగళూరులోనైనా తన సంఘంలోనే ఉన్నట్టు. శాఖ మారవలసి వస్తే మాత్రం ముందే అడిగి తెలుసుకోండి. శిశు బాప్తిస్మం పొందిన లూథరన్ సహోదరుడు బాప్టిస్టు సంఘంలో సభ్యత్వం కోరితే, మునక బాప్తిస్మం తీసుకోవాలని చెప్పవచ్చు. ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గరకు ఎవరు రావచ్చన్న నియమం కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. పాత్ర చేతికి వచ్చే సమయానికి ఈ సంగతి తెలిసి నొచ్చుకునే కంటే, ముందు రోజు ఒక ఫోన్ చేయడం మేలు.

ఒక్క ఆదివారంతో తీర్పు తీర్చకండి. కనీసం నాలుగు వారాలు వెళ్లండి. వారం మధ్యలో ఎవరింట్లోనైనా జరిగే ప్రార్థన కూడికకు ఒకసారి వెళ్తే, ఆదివారం కనిపించనివి కనిపిస్తాయి. జబ్బుపడినవారి పేర్లు అక్కడ తెలుసా? కానుకల లెక్కలు సంఘం ముందు చదువుతారా? ప్రసంగంలో వాక్యం ఎంత, పక్క సంఘం మీద విమర్శ ఎంత? మీ పేరు అడగకముందే దశమభాగం గురించి అడిగితే కొంచెం ఆగి ఆలోచించండి. పెద్ద తెర, మంచి డ్రమ్స్ చూసి సంఘాన్ని ఎంచుకోవడం పెళ్లిపందిరి చూసి సంబంధం కుదుర్చుకున్నట్టే.

ఇక చెప్పడానికి ఇబ్బందైన సంగతి. "మీ ఇంటిపేరేమిటి? ఊళ్లో ఏ పేట?" ఈ ప్రశ్నల వెనుక ఉన్న అసలు ప్రశ్న ఏమిటో మనందరికీ తెలుసు. పల్లెల్లో సువార్త చాలాచోట్ల ఒక్కొక్క కులంగా వ్యాపించింది, గుళ్లు కూడా అలాగే వెలిశాయి. ఆ గోడను నగరానికి కూడా మోసుకొచ్చాం. ఆ ప్రశ్నలు విని వెనక్కి వెళ్లిపోయినవారు నాకు తెలుసు. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలన్న దాని మీదే యాకోబు (2:1-4) సంఘాన్ని గద్దించాడు. ఆ భాగం మీద మనం ప్రసంగాలు బాగానే చేస్తాం.

యెరూషలేములో సౌలును చూసి శిష్యులందరూ భయపడితే, చేయి పట్టి తీసుకువెళ్లినవాడు బర్నబా ఒక్కడే (అపొ. కా. 9:26-27). రోమా సహోదరులైతే బందీగా వస్తున్న పౌలును ఎదుర్కోవడానికి అప్పీయా సంతపేట వరకు నడిచి వచ్చారు. అది నగరానికి అరవై కిలోమీటర్లకు పైనే. మనం గుడి గేటు వరకు వెళ్లడానికి బద్ధకిస్తాం. బక్త్ సింగ్ గారి సహవాసాలలో ఆరాధన తర్వాత ప్రేమవిందు పెడతారు. పంక్తిలో పక్కన కూర్చుని అన్నం తినేవారు ఎంతోసేపు కొత్తవారిగా ఉండిపోరు. ఆ ఒక్క విషయంలో వారి దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది.

ఇరవై రెండేళ్ల వయసులో ఉద్యోగానికని నేను సికింద్రాబాదు వచ్చినప్పుడు మూడు ఆదివారాలు ఎవరూ పలకరించలేదు. నాలుగో వారం చెప్పులు వేసుకుంటుంటే ఒక పెద్దామె, "బాబూ, మధ్యాహ్నం భోజనం ఎక్కడ?" అంది. పప్పుచారు, వేయించిన అప్పడం. మరో సంఘం వెదకలేదు. ఆ అప్పడం తిన్నవాడినే ఆరు ఆదివారాలు వచ్చిన కుటుంబాన్ని చూడలేకపోయాను.

ఆ సమాధి కార్యక్రమం తర్వాత మా సంఘంలో ఇద్దరు స్త్రీల మైత్రి సహోదరీలను, ఇద్దరు యవనస్థులను గేటు దగ్గర నిలబెడుతున్నాం. పేరు, ఫోన్ నంబరు రాసుకుంటారు. ఇంటిపేరు అడగవద్దని చెప్పాను. ఆ వారంలోనే నేను గానీ, మా అమ్మగారు గానీ వాళ్లింటికి వెళ్తాం. కొన్ని వారాలు తప్పుతున్నాం కూడా.

ఆ తల్లి మా సంఘానికి తిరిగి రాలేదు. మా గుడికి రెండు బస్సులు మారాలి, మోకాళ్ల నొప్పులు. ఇంటికి దగ్గరలో ఉన్న బాప్టిస్టు సంఘానికి వెళ్తానంది. బదిలీ పత్రం ఇద్దామంటే మా పుస్తకంలో ఆమె పేరే లేదు. అందుకని ఆ సంఘకాపరి పేరున నేనే ఒక ఉత్తరం రాసి ఆమె చేతికిచ్చాను.