ఆఫీసు కంప్యూటర్‌లో ఆగిపోయిన బ్రౌజర్

చంద్రపూర్‌ను మన పెద్దవాళ్లు ఇప్పటికీ చాందా అనే అంటారు. కాజీపేట నుంచి బల్లార్షా దాకా సాగే రైలు మార్గం, వార్ధా నది పరిసరాల బొగ్గు గనులు, బల్లార్‌పూర్ కాగితం మిల్లు తెలుగువాళ్లను తరతరాలుగా అక్కడికి రప్పించాయి. పక్కనున్న రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే. గనుల్లో మట్టి తవ్వకం, బొగ్గు రవాణా, రోడ్డు పనులు పట్టే కాంట్రాక్టర్ల బతుకు ఇప్పుడు చాలావరకు బ్రౌజర్ మీద నడుస్తోంది. వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ పనులకు కోల్ ఇండియా ఈ-టెండర్ పోర్టల్, రాష్ట్ర ప్రభుత్వ పనులకు మహాటెండర్స్. గడువు దాటాక ఒక్క నిమిషం ఆలస్యమైనా సైటు బిడ్ తీసుకోదు. సరిగ్గా ఆ రోజే బ్రౌజర్ అప్‌డేట్ అయి డిజిటల్ సిగ్నేచర్ పనిచేయడం మానేస్తే? లేదా అప్‌డేట్ చేయబోతే కంప్యూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగి, అది తెలిసిన సిస్టమ్స్ మనిషి నాగ్‌పూర్‌లో ఉంటే? బిడ్ వేయాల్సిన గుమస్తా పడే ఆందోళన చిన్నది కాదు.

ఈ చిక్కు ఎలా వచ్చిందో తెలియాలంటే బ్రౌజర్ పుట్టుక నుంచి చెప్పుకోవాలి.

జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో 1980ల చివర శాస్త్రవేత్తల పత్రాలు రకరకాల కంప్యూటర్లలో చెల్లాచెదురుగా ఉండేవి. ఒకదానిలోది మరొకదానిలో తెరుచుకునేది కాదు. 1989లో టిమ్ బెర్నర్స్-లీ దీనికి ఒక ఉపాయం రాసిచ్చాడు. 1990 చివరికల్లా నెక్స్ట్ కంప్యూటర్ మీద మొదటి బ్రౌజర్ తయారు చేశాడు. దాని పేరు వరల్డ్‌వైడ్‌వెబ్. చదవడమే కాదు, పేజీని అందులోనే దిద్దడానికీ వీలుండేది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. కంప్యూటర్ ఎవరిదైనా పేజీ తెరుచుకోవాలి: బ్రౌజర్ పుట్టిందే ఈ పని కోసం. తర్వాతి కథంతా ఆ మాట తప్పడమూ, ఎంతో నష్టం జరిగాక మళ్లీ ఆ మాటకే రావడమూ.

1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో తయారైన మొజాయిక్ అక్షరాల పక్కనే బొమ్మలు చూపించి జనాన్ని ఆకట్టుకుంది. 1994లో నెట్‌స్కేప్ వచ్చింది. 1995లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తెచ్చి, కొద్దికాలానికే దాన్ని విండోస్‌తో కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. అమెరికా ప్రభుత్వం 1998లో కేసు వేసింది గానీ, ఆ కేసు తేలేలోపు నెట్‌స్కేప్ పని అయిపోయింది. 2001లో ఎక్స్‌ప్లోరర్ 6 విడుదలైంది. అప్పటికి పోటీ ఇచ్చేవాళ్లే లేరు. ఏడో వెర్షన్ రావడానికి 2006 అక్టోబర్ దాకా పట్టింది.

ఆ ఐదేళ్ల నిద్ర మన కార్యాలయాలకు చాలా ఖరీదైంది. మన దేశంలో ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు, కంపెనీలు తమ పనుల్ని వెబ్‌లోకి మార్చడం మొదలుపెట్టింది సరిగ్గా అప్పుడే. 2000 నాటి ఐటీ చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. ఈ సంతకానికి కావాల్సిన రహస్య తాళంచెవి పెన్‌డ్రైవ్‌లా కనిపించే చిన్న టోకెన్‌లో ఉంటుంది. అది టోకెన్ దాటి బయటికి రాదు. పత్రం నుంచి లెక్కగట్టిన సంఖ్యను టోకెన్‌లోకి పంపితే సంతకం తయారై తిరిగి వస్తుంది. మామూలు వెబ్ పేజీకి మాత్రం మన కంప్యూటర్‌కు గుచ్చిన పరికరాన్ని ముట్టుకునే అధికారం లేదు, ఉండకూడదు కూడా. అందుకని సైట్లు తయారుచేసినవాళ్లు దొడ్డిదారి పట్టారు. ఒకటి మైక్రోసాఫ్ట్ యాక్టివ్‌ఎక్స్, రెండోది జావా యాప్లెట్. పేజీతో పాటు దిగి, బ్రౌజర్ లోపలే నడిచి, టోకెన్‌ను పలకరించే చిన్న ప్రోగ్రాములివి.

పని జరిగింది. కానీ సైటు ఒకే బ్రౌజర్‌కు, ఒకే జావా వెర్షన్‌కు ముడిపడిపోయింది. ట్రస్టెడ్ సైట్స్‌లో చేర్చండి, పాప్-అప్ బ్లాకర్ ఆపండి, యాక్టివ్‌ఎక్స్‌ను అనుమతించండి అంటూ సూచనలు ప్రింటు తీసి గోడకు అంటించిన ఆఫీసులు ఎన్నో. రక్షణ కోసం పెట్టినవాటిని ఒక్కొక్కటిగా తీసేయమని చెప్పడమే అది. 2014 జనవరిలో జావా 7 అప్‌డేట్ 51 వచ్చి, సరైన సంతకం లేని యాప్లెట్లను అడ్డుకోవడం మొదలుపెట్టింది. దాంతో సైటు పేరును మినహాయింపుల జాబితాలో చేర్చుకునే తంతు ఒకటి తోడైంది. అన్నీ సర్దుబాటు చేశాక సిస్టమ్స్ వాళ్లు ఒకే మాట చెప్పేవాళ్లు: ఇక దేన్నీ అప్‌డేట్ చేయకండి.

తెలుగు చదవాలనుకున్న ఉద్యోగికి ఇంకో అడ్డంకి ఉండేది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉంది. అయినా రీజినల్ సెట్టింగుల్లోకి వెళ్లి సంక్లిష్ట లిపుల కోసం టిక్కు పెట్టి, విండోస్ సీడీ వేస్తే తప్ప ఒత్తులూ గుణింతాలూ కుదురుకునేవి కావు. అడ్మిన్ హక్కులు లేనివాడికి అది అందని పని. వార్తాపత్రికల సైట్లేమో సొంత ఫాంట్లు, సొంత సంకేతాలు వాడేవి. ఎక్స్‌ప్లోరర్‌లో చక్కగా కనిపించే వార్త మరో బ్రౌజర్‌లో అర్థంలేని గుర్తుల వరుసగా మారేది. ఫైర్‌ఫాక్స్ కోసం వచ్చిన ‘పద్మ’ అనే పొడిగింపు ఆ సంకేతాలను యూనికోడ్ తెలుగులోకి మార్చింది. ఇక రాయడానికి వీవెన్ తయారుచేసిన ‘లేఖిని’ ఉండనే ఉంది. కంప్యూటర్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా, ఇంగ్లిష్ కీబోర్డుతో పేజీలోనే తెలుగు టైపు చేసుకునే వీలు కల్పించింది. తాళం వేసిన ఆఫీసు కంప్యూటర్ల ముందు కూర్చున్న ఎంతోమంది తెలుగులో రాయగలిగారంటే దాని చలవే. ఇంటర్నెట్లో తెలుగు చరిత్ర రాసేవాళ్లు ఈ రెండింటికీ పెద్ద పీట వేయాలి.

అప్‌డేట్ తీరును మార్చింది ఫైర్‌ఫాక్స్, క్రోమ్. 2004 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చి ఎక్స్‌ప్లోరర్‌కు మళ్లీ పోటీ తెచ్చింది. 2008 సెప్టెంబర్‌లో గూగుల్ క్రోమ్ వచ్చింది. ఆ పని నడిపించినవారిలో చెన్నైలో పెరిగిన సుందర్ పిచాయ్ ఒకరు. క్రోమ్ వేగం గురించి అందరూ చెబుతారు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైన మార్పులు రెండు. ఒకటి, అది ఎవరినీ అడగకుండా తనంతట తానే అప్‌డేట్ అయ్యేది. రెండు, అడ్మిన్ పాస్‌వర్డ్ లేకపోయినా వాడేవారి సొంత ఫోల్డర్‌లోనే ఇన్‌స్టాల్ అయ్యేది. ఆఫీసు తాళాన్ని పగలగొట్టకుండానే పక్కనుంచి దాటేసింది. సిస్టమ్స్ విభాగాలకు ఇది నచ్చలేదు. వాళ్ల కోసం తర్వాత గూగులే అడ్మిన్ ఇన్‌స్టాలర్‌ను, నియంత్రణ పాలసీలను ఇచ్చింది. ఇవాళ మీ క్రోమ్ మెనూలో ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అన్న అర్థం వచ్చే వాక్యం కనిపిస్తే, ఆ పాలసీలు పనిచేస్తున్నాయని గుర్తు.

2011లో ఫైర్‌ఫాక్స్ కూడా ఆరు వారాలకో వెర్షన్ పద్ధతికి మారింది. మార్చిలో నాలుగో వెర్షన్, జూన్‌లో ఐదోది. నాలుగో వెర్షన్‌ను పరీక్షించి ఆమోదించే లోపే దానికి కాలం చెల్లడంతో పెద్ద కంపెనీలు గగ్గోలు పెట్టాయి. వాళ్ల బాధ న్యాయమైనదే. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా 2012 జనవరిలో ఈఎస్ఆర్ అనే దీర్ఘకాలిక వెర్షన్ ఇచ్చింది. ఇందులో సుమారు ఏడాదిపాటు కొత్త హంగులు రావు, భద్రతా మరమ్మతులు మాత్రం వస్తాయి. ఆఫీసులకు ఇంతకన్నా తగిన ఏర్పాటు నాకు కనిపించదు.

ఇంత తొందర ఎందుకని చాలామంది విసుక్కుంటారు. ఒక లోపాన్ని పూడ్చే అప్‌డేట్ విడుదలైన క్షణం నుంచి దొంగలు పాత ప్రోగ్రామునూ కొత్తదానినీ పక్కపక్కన పెట్టి, ఎక్కడ మార్చారో చూసి, ఆ లోపాన్ని కనిపెడతారు. అంటే అప్‌డేట్ చేయని కంప్యూటర్ నిన్నటికంటే ఇవాళ ఎక్కువ ప్రమాదంలో ఉంటుంది. గూగుల్‌తో పాటు పలు కంపెనీలపై జరిగి 2010 జనవరిలో బయటపడ్డ దాడికి తలుపు తెరిచింది ఎక్స్‌ప్లోరర్‌లోని ఒక లోపమే. 2017 మే నెలలో వన్నాక్రై అనే సైబర్ దాడి జరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని మొరాయించాయి. అది బ్రౌజర్ లోపం కాదు, విండోస్‌ది. దాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న మన అక్షరం సందేశంగా వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలేవి. అదే నెల 19న వచ్చిన అప్‌డేట్ దాన్ని సరిచేసింది.

అలాగని ఆఫీసు తాళాన్ని నేను తప్పుపట్టను. ఉద్యోగికి అడ్మిన్ హక్కులు ఉంటే, ఉద్యోగి నొక్కిన తప్పుడు లింకుకూ ఆ హక్కులన్నీ దక్కుతాయి. తాళం వేయడం సరైన పనే. తాళం వేసి, లోపల అప్‌డేట్ చేసే బాధ్యతను వదిలేయడమే నేరం. పనిచేసేవాడి చేతిలో అధికారం లేదు, అధికారం ఉన్నవాడికి తీరిక లేదు.

యాప్లెట్ల కాలం క్రమంగా ముగిసింది. 2015 సెప్టెంబర్‌లో క్రోమ్, యాప్లెట్లను నడిపే పాత ప్లగిన్‌లకు తలుపు పూర్తిగా మూసింది. 2017 మార్చిలో, ఫ్లాష్ అనే ప్లగిన్‌ను మినహాయించి, ఫైర్‌ఫాక్స్ మూసింది. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్ పోయింది. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్ 11కు మైక్రోసాఫ్ట్ సెలవు చెప్పింది. అయినా పాత సైట్ల కోసం తన తర్వాతి బ్రౌజర్ ఎడ్జ్‌లో, ఎక్స్‌ప్లోరర్‌లా నడిచే ఐఈ మోడ్ పెట్టాల్సి వచ్చింది. అలవాటు ఎంత లోతుకు దిగిందో దక్షిణ కొరియాను చూస్తే తెలుస్తుంది. అమెరికా బలమైన గుప్తలిపిని ఎగుమతి చేయనివ్వని రోజుల్లో ఆ దేశం 1998లో సీడ్ అనే సొంత గుప్తలిపిని తయారుచేసుకుని యాక్టివ్‌ఎక్స్‌తో నడిపింది. దాంతో బ్యాంకింగ్, కొనుగోళ్లు ఏళ్ల తరబడి ఎక్స్‌ప్లోరర్‌కే కట్టుబడిపోయాయి. ఆ బ్రౌజర్ పోయాక గ్యోంగ్‌జూలో ఒక ఇంజినీరు దానికి సమాధి రాయి కూడా పెట్టాడు.

ఇప్పుడు సంతకం కోసం కంప్యూటర్‌లో విడిగా ఒక చిన్న ప్రోగ్రాము ఉంచి, బ్రౌజర్ దానితో మాట్లాడే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఇలా చేస్తే బ్రౌజర్ ఎన్నిసార్లు మారినా సంతకం ఆగే అవసరం లేదు. ప్రోగ్రామును పెట్టడానికి మాత్రం అడ్మిన్ సాయం ఒకసారి కావాలి. విండోస్ 7 మీదే ఉన్నవాళ్లకు క్రోమ్ 2023 జనవరి నాటి 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. అలాంటి యంత్రం మీద బిడ్లు వేయడం మానుకోవాలి.

చంద్రపూర్‌లోనైనా, మంచిర్యాలలోనైనా బిడ్ వేసేవాళ్లు గడువుకు రెండు రోజుల ముందే టోకెన్ గుచ్చి సంతకం పరీక్షించుకోండి. అప్‌డేట్ కావాలని సిస్టమ్స్ విభాగాన్ని నోటితో కాదు, రాతపూర్వకంగా అడగండి. సాఫ్ట్‌వేర్ కొనే అధికారులకు నా విన్నపం ఒక్కటే: ‘ఈ సైటు ఏ తాజా బ్రౌజర్‌లోనైనా పనిచేయాలి, బ్రౌజర్ మారినప్పుడల్లా సరిచేసే బాధ్యత సరఫరాదారుదే’ అన్న షరతును టెండర్ పత్రంలో చేర్చండి.