జమ్మికుంట మా తమ్ముణ్ని చూసుకున్న తీరు

మా తమ్ముడు బడిలో నిలువలేదు. అక్షరాలు రాలేదు. పది నోటుకూ వంద నోటుకూ తేడా చివరిదాకా తెలియలేదు. అయినా జమ్మికుంటలో వాణ్ని పేరు పెట్టి పిలిచినంత మంది నన్ను ఏ ఊళ్లోనూ పిలవలేదు.

కరీంనగర్ జిల్లాలో పత్తికి పేరుపడ్డ ఊరు మాది. సీజన్ వచ్చిందంటే పత్తి బండ్లు మార్కెట్ యార్డు గేటు దాటి రోడ్డు దాకా వరుస కడతాయి. బాపు, అంటే మా నాన్న, ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. పొద్దున్నే తమ్ముణ్ని వెంట తీసుకుపోయేవాడు. హమాలీలు బోరాలు దించుతుంటే వాడు కాంటా పక్కన నిలబడి, దడ్వాయి చెప్పిన తూకాన్ని గట్టిగా మళ్లీ చెప్పేవాడు. లెక్క రాదుగానీ విన్న అంకె మాత్రం తప్పు పలికేవాడు కాదు. యార్డు గోలలో వినబడకపోతే రైతులు వాణ్నే అడిగేవారు: "తమ్మీ, ఎంతన్నడు?" ఆ పనికి ఎవరూ కూలి కట్టలేదు. కానీ చాయ్ వచ్చినప్పుడు వాడి గ్లాసు కూడా వచ్చేది.

ఊరంతా ఇట్లాగే ఉందని చెప్పను. "పిచ్చోడు" అన్నవాళ్లున్నారు, రాళ్లు విసిరిన పిల్లలున్నారు. మా అవ్వ, అంటే అమ్మ, ఆ పిల్లల ఇండ్లకు పోయి, వాళ్ల తల్లుల ముందు నిలబడి అడిగేది. గల్లీలో కొంత మార్పు వచ్చిందంటే అది అవ్వ నోటి పుణ్యమే.

మందులకూ మొక్కులకూ తిరిగి తిరిగి, ఆఖరికి అవ్వ వాణ్ని రైలెక్కించి సికింద్రాబాద్ తీసుకుపోయింది. అక్కడి మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వం 1984లో నెలకొల్పిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఉంది. ఇప్పుడు దాని పేరు మారింది. ఇది మందులతో పోయే రోగం కాదు, నేర్పితే చాలా పనులు వస్తాయి అని అక్కడివాళ్లు చెప్పారు. ఎట్లా నేర్పాలో చేసి చూపించారు. ఇంటికొచ్చాక అవ్వ వాడి అంగీ గుండీలన్నీ తనే పెట్టి, చివరిది మాత్రం వాడితో పెట్టించేది. అది వచ్చాక చివరి రెండు, ఆపైన మూడు. పని పూర్తయిన సంతోషం ప్రతిసారీ వాడికే దక్కాలన్నది అందులోని కిటుకు. కొన్నాళ్లకు మెడ దగ్గరి గుండీ కూడా వాడే పెట్టుకున్నాడు.

2017 ఆగస్టు 15 నుంచి జమ్మికుంటలో పోలీసులు రోజూ పొద్దున ఎనిమిది కావస్తుండగా మైకుల్లో జాతీయ గీతం వినిపించడం మొదలుపెట్టారు. ఆ 52 సెకన్లు ఊరు ఎక్కడిదక్కడ నిలబడిపోయేది. పత్రికలూ దాని గురించి రాశాయి. మా వాడు మాత్రం ముందే బయటికొచ్చి, గుండీలు సరిచూసుకుని, చేతులు బిగించి సిద్ధంగా ఉండేవాడు.

ఊరు మా తమ్ముణ్ని చూసుకున్న తీరు తలచుకుంటే నాకు ఇంకో సమాజం గుర్తొస్తుంది. నేనుండే కెనడాలోని మానిటోబాలో మెనొనైట్ క్రైస్తవులు ఎక్కువ. 1874లో అప్పటి రష్యా సామ్రాజ్యం నుంచి, అంటే నేటి ఉక్రెయిన్ నుంచి, వచ్చి స్థిరపడ్డారు. మనకూ వాళ్లకూ పాత సంబంధమే ఉంది. రష్యా మెనొనైట్ల నుంచే అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు నిజాం రాజ్యానికి వచ్చి నల్లగొండలో మిషన్ పెట్టారు. 1899లో అమెరికా మెనొనైట్ బ్రదరెన్ వచ్చారు. మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు వాళ్ల సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. 

ఒకరింటి కష్టం అందరికీ తెలిసే దగ్గరితనం వాళ్లలోనూ ఉంది, మన గల్లీలోనూ ఉంది. వాళ్లు దాంతో ఆగలేదు. ఉక్రెయిన్‌లో ఉండిపోయినవాళ్లు చెవిటి పిల్లలకు బడి పెట్టుకున్నారు, 1910లో బెథానియా అనే మానసిక వైద్యశాల కట్టుకున్నారు. అనాథల, వితంతువుల ఆస్తి చూడడానికి 'వైజెనామ్ట్' అనే సంస్థ ఉండేది. తండ్రి పోతే పిల్లలకు సంరక్షకులెవరో నిర్ణయించి, వాళ్ల వాటా ఎంతో లెక్క రాసేవారు. వలస వచ్చినవాళ్లు ఆ పద్ధతిని మానిటోబాకూ తెచ్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టనన్న మెనొనైట్ యువకుల్లో సుమారు 1500 మంది అమెరికాలోని మానసిక ఆస్పత్రుల్లో పనిచేశారు. అక్కడి దుస్థితి కళ్లారా చూసిన ఆ సమాజం, యుద్ధం తర్వాత సొంత ఆస్పత్రులు ప్రారంభించింది.

మన దగ్గర జరగనిది ఆ రెండో సగమే: దగ్గరితనానికి తోడు ముందుగా చేసుకునే పక్కా ఏర్పాటు. బాపు పోయాడు, తర్వాత అవ్వ పోయింది. తమ్ముడికి అన్నం పెట్టేవాళ్లకు కొదవ లేదు. చిన్నాయిన ఇల్లు, వాడకట్టంతా ఉంది. కానీ బాపు వాడి పేరున దాచిన డబ్బు ఒక బ్యాంకులో ఉండిపోయింది. వాడు మేజర్, సంతకం ఎందుకో వాడికి తెలియదు, సంరక్షకుడి కాగితం లేదు.

ఆ కాగితానికి దారి చూపేది 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు 18 ఏళ్లు నిండాక సంరక్షకుణ్ని జిల్లా కలెక్టర్ నాయకత్వంలోని స్థానిక కమిటీ నియమిస్తుంది. తల్లిదండ్రులైనా, బంధువులైనా దరఖాస్తు పెట్టవచ్చు. సంరక్షకుడు ఆరు నెలల్లో ఆస్తి జాబితా ఇవ్వాలి, ఏటా లెక్క చెప్పాలి. విదేశాల్లో ఉండే మనలాంటివాళ్లు గమనించాల్సిన సంగతి ఒకటుంది: సంరక్షకుడు భారత పౌరుడై ఉండాలి. కెనడా, అమెరికా పౌరసత్వం తీసుకున్న అక్కయినా అన్నయినా పనికిరారు. మా ఇంట్లో చిన్నాయిన కొడుకు ఆ బాధ్యత తీసుకున్నాడు. నేషనల్ ట్రస్టుదే అయిన 'నిరామయ' పథకంలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య బీమా ఉంటుంది. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉందన్న ధ్రువపత్రం ఉంటే తెలంగాణలో ప్రభుత్వ పింఛను వస్తుంది. 2014లో 'ఆసరా' పేరున 1500 రూపాయలతో మొదలై 2023లో 4016 అయింది.

తమ్ముడు పోయిన రోజు పాడె మోసింది మార్కెట్ హమాలీలు. మాకు చుట్టరికం లేనివాళ్లు.

ఇది చదువుతున్నవాళ్లలో ఊళ్లో ఇట్లాంటి తమ్ముడో చెల్లెలో ఉన్నవాళ్లు తప్పకుండా ఉంటారు. అమ్మానాన్నలు ఉండగానే, దగ్గరలో ఉండే నమ్మకస్తుడెవరో వాళ్లతోనే నిర్ణయింపజేసి, దరఖాస్తు పెట్టించండి. ఈసారి సెలవుల్లో పెండ్లిళ్ల మధ్య ఒక రోజు కలెక్టరేట్‌కు కేటాయించండి.