ల్యాప్‌టాప్ వేషం ట్యాబ్‌కి నప్పుతుందా?

ద్విపాత్రాభినయం సినిమా అంటే మనవాళ్లు చెవి కోసుకుంటారు. 1964లో వచ్చిన ‘రాముడు - భీముడు’నే తీసుకోండి. ఇద్దరిదీ అదే ముఖం, అదే ఎత్తు. ఒకడి చోట ఇంకొకడు వెళ్లి కూర్చుంటే ఇంట్లోవాళ్లే పోల్చుకోలేరు. కానీ ఒకడు కొరడా దెబ్బలు తినేవాడు, రెండోవాడు అదే కొరడా లాక్కుని ఝళిపించేవాడు!

ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అలాంటి సినిమాయే ఆడుతోంది. కీబోర్డు తగిలించి, స్టాండు మీద నిలబెట్టిన ట్యాబ్‌ని పది అడుగుల దూరం నుంచి చూస్తే ల్యాప్‌టాపే అనుకుంటాం. మరి వేషం ఒక్కటే మారిందా, మనిషి కూడా మారాడా?

ఈ ప్రశ్న నా మీద పడేసింది మా మేనల్లుడు. డిగ్రీ అయిపోయింది. ఎడిటింగ్ శాఖలో అసిస్టెంటుగా చేరతానని హైదరాబాదు వచ్చాడు. మా బావ చీటీ పాడి డబ్బు చేతిలో పెడుతూ ఒకే మాటన్నాడట - “ఒక్కటే కొనుక్కో. మళ్లీ నన్నడక్కు.”

“మావయ్యా, ట్యాబ్ కొనుక్కుంటే చాలదా? దాన్లో సినిమా చూడొచ్చు, బొమ్మ గీయొచ్చు, ఇప్పుడు ఎడిటింగ్ కూడా వచ్చేసిందిగా!” అన్నాడు.

“తొందరపడకురా, దీని ఫ్లాష్‌బ్యాక్ చాలా ఉంది” అన్నాను.

ఉంది మరి! ట్యాబ్ అనే వస్తువు బజారులోకి రాకముందే వెండితెర మీద కనిపించింది. స్టాన్లీ కుబ్రిక్ 1968లో తీసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో వ్యోమగాములు భోంచేస్తూ, బల్ల మీది పలచటి పలకలో టీవీ ప్రోగ్రాం చూస్తుంటారు. 2011లో యాపిల్, శామ్‌సంగ్ కంపెనీలు కోర్టుకెక్కినప్పుడు, “ఈ ఆకారం మీరు కనిపెట్టింది కాదు, కుబ్రిక్ ఎప్పుడో చూపించాడు” అని శామ్‌సంగ్ వారు ఆ సీన్‌నే సాక్ష్యంగా ముందుకు తెచ్చారు. సినిమా సీను కోర్టు మెట్లెక్కడం అంటే ఇదే!

నాకు తోచిందేమిటంటే, కుబ్రిక్ తెలిసో తెలియకో అసలు రహస్యం ఆ సీన్లోనే చెప్పేశాడు. ఆ వ్యోమగాములు పలకలో చూస్తున్నారు, అంతే. దాంతో ఏమీ తయారు చెయ్యడం లేదు. 2010 జనవరి 27న స్టీవ్ జాబ్స్ ఐప్యాడ్‌ని పరిచయం చేసినప్పుడు కూడా స్టేజీ మీద కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని చూపించాడు. ఫోనుకీ ల్యాప్‌టాప్‌కీ నడుమ ఉండే వస్తువన్నాడు తప్ప, ల్యాప్‌టాప్‌ని దింపేస్తానని అనలేదు.

ఆ మాట అన్నది మైక్రోసాఫ్ట్. 2014లో సర్ఫేస్ ప్రో 3ని ‘ల్యాప్‌టాప్ స్థానం భర్తీ చేసే ట్యాబ్’ అంటూ అమ్మారు. నిజానికి అది లోపల పూర్తి విండోస్ పెట్టుకున్న కంప్యూటరే, పైకి ట్యాబ్ వేషం! యాపిల్ దారి వేరు. 2015లో ఐప్యాడ్ ప్రోతో పాటు పెన్సిలు, 2020లో ట్రాక్‌ప్యాడ్ ఉన్న కీబోర్డు, 2021లో ల్యాప్‌టాపుల్లో వాడే ఎం1 చిప్పు... ఇలా ఒక్కొక్క నగా తగిలిస్తూ వచ్చారు. 2025లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 26తో పైన మెనూ వరస, కిటికీలు కిటికీలుగా తెరుచుకునే యాప్‌లు కూడా వచ్చేశాయి. మేకప్ పూర్తి!

అయితే ఈ నగలు ఊరికే రావు. 2025 మార్చిలో విడుదలైనప్పటి ధరలే చెబుతాను. 11 అంగుళాల ఐప్యాడ్ ఎయిర్ 59,900 రూపాయలు. దాని కీబోర్డు 26,900. పెన్సిల్ ప్రో 11,900. మొత్తం 98,700. అదే నెలలో వచ్చిన మాక్‌బుక్ ఎయిర్ 99,900! పైగా ఆ ట్యాబ్‌లో దాచుకునే చోటు 128 జీబీ, ల్యాప్‌టాప్‌లో 256. “తేలిగ్గా ఉంటుంది కదా” అంటారేమో, అదీ లేదు. 2020లో పెద్ద ఐప్యాడ్ ప్రోకి కీబోర్డు తగిలిస్తే సుమారు 1.35 కిలోలు తూగింది. ఆ ఏటి మాక్‌బుక్ ఎయిర్ 1.29 కిలోలే.

ఎడిటింగ్ గదిలో ఏం జరుగుతుంది?

మావాడి ఆశంతా ఇక్కడే ఉంది. వాడన్నది అబద్ధం కాదు. డావిన్చీ రిసాల్వ్ 2022 డిసెంబరులో ఐప్యాడ్ మీదికొచ్చింది. ఫైనల్ కట్ ప్రో 2023 మేలో వచ్చింది. వేలితో షాట్‌ని పట్టుకుని లాగుతుంటే ముచ్చటేస్తుంది, ఒప్పుకుంటాను. మూడు నిమిషాల రీలు, షార్ట్ ఫిల్మ్, పెళ్లి వీడియో... వీటికి అది చాలు. బస్సులో కూర్చుని కట్ చేసి, దిగేలోపు పంపించేయొచ్చు.

కానీ అసిస్టెంట్ ఎడిటర్ పని రీలు కత్తిరించడం కాదండీ. సాయంత్రం షూటింగ్ పేకప్ కాగానే హార్డ్ డిస్కులు వస్తాయి. వాటిని ఒకటికి రెండు కాపీలు తియ్యాలి. ఒక్క ఫైలు కూడా పాడవలేదని సరిచూసుకోవాలి. బరువైన ఫైళ్లని ఎడిటింగ్‌కి వీలుగా తేలిక ఫైళ్లుగా మార్చాలి. విడిగా రికార్డయిన సౌండుని క్లాప్ దగ్గర బొమ్మతో కలపాలి. సీను, షాటు, టేకు నెంబర్లు వెయ్యాలి. కటింగ్ అయ్యాక సౌండ్ వాళ్లకీ, రంగులు సరిచేసే డీఐ వాళ్లకీ ఎవరి లెక్క వారికి కట్టి పంపాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఒక రోజు షూటింగ్ గంగలో కలిసినట్టే.

ఇక్కడే ట్యాబ్ తడబడుతుంది. దానికి బలం లేక కాదు, స్వేచ్ఛ లేక. ట్యాబ్ లోపల ఒక్కో యాప్‌కి ఒక్కో గది. ఒకదాని సామాను ఇంకొకటి ముట్టుకోవాలంటే పర్మిషన్ కావాలి. ఫైనల్ కట్ మొదట వచ్చినప్పుడు, బయటి డిస్కులో ఉన్న ఫైళ్ల మీద నేరుగా ఎడిటింగ్ కుదిరేది కాదు. ఆ సౌకర్యం 2024లో గానీ రాలేదు. ఎక్స్‌పోర్ట్ అవుతుండగా వాట్సాప్ చూద్దామని వెళితే పని ఆగిపోయేది! అది సర్దుకోవడానికి 2025 దాకా పట్టింది. పెద్ద సినిమాలకి వాడే ఎవిడ్ మీడియా కంపోజర్ అయితే ఐప్యాడ్ గడపే తొక్కలేదు. గ్రాఫిక్స్ వాళ్ల మాయా, న్యూక్ కూడా అంతే. అంతెందుకు, ఐప్యాడ్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్ అనే పనిముట్టే ఐప్యాడ్‌లో నడవదు, దానికి మాక్ కావాలి. హీరోగారి డ్రెస్సు కుట్టే టైలరు పక్కింట్లోనే ఉన్నాడన్నమాట!

మన తెలుగు సంగతి ఇంకో తమాషా. రచయితలకి యూనికోడ్ ఉంది, ట్యాబ్‌లో హాయిగా రాసుకోవచ్చు. కానీ పోస్టరు, పాంప్లెట్ వేసే డీటీపీ వాళ్ల దగ్గరికి వెళ్లండి. “అను ఫాంట్స్‌లో ఇవ్వండి సార్” అంటారు. అను స్క్రిప్ట్ మేనేజర్‌కి విండోస్ ఉంటేనే ప్రాణం. దాని ముందు లక్ష రూపాయల ఐప్యాడ్ కూడా ఎక్స్‌ట్రా వేషమే.

మరి ట్యాబ్‌కి హీరో వేషమే లేదా? ఎందుకు లేదు! స్టోరీబోర్డు గీసేవాళ్లని, కాస్ట్యూమ్ స్కెచ్‌లు వేసేవాళ్లని అడగండి. పెన్సిలు పట్టుకుని తెర మీదే గీసే సుఖం ఏ ల్యాప్‌టాప్ ఇస్తుంది? సెట్లో నిలబడి కంటిన్యుటీ రాసుకునే కుర్రాళ్లకి చేతిలో ఇమిడే పలకే సౌకర్యం. లొకేషన్ ఫొటోలు డైరెక్టర్‌గారికి ఎండలో నిలబడి చూపించాలంటే ల్యాప్‌టాప్ ఎక్కడ తెరుస్తాం? ఇక రాత్రి పడుకుని ఓటీటీలో సినిమా చూడ్డానికైతే పోటీయే లేదు.

పాఠాల సంగతీ ఇంతే. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకీ, వాళ్ల టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. పాఠాలు చూడ్డానికి. చూడ్డానికి ట్యాబ్ సరైన వస్తువే. అదే పిల్లాడు ఇంజనీరింగ్‌లో చేరి ప్రోగ్రాములు రాయాల్సొచ్చినప్పుడు మాత్రం ఇంట్లో ఇంకో ఖర్చు తప్పదు.

మళ్లీ మావాడి దగ్గరికొద్దాం. రెండూ కొనగలిగిన వాళ్లకి ఈ గొడవే లేదు. మెయిలు, బ్రౌజింగు, సినిమాలు, బొమ్మలు - ఇవే మీ పనులైతే, ట్యాబ్ కొనుక్కుని నిశ్చింతగా ఉండండి, ల్యాప్‌టాప్ ఊసే రాదు. కానీ చీటీ డబ్బుతో ఒక్కటే కొనాలి, దాని మీదే అన్నం తినాలి అనుకునే కుర్రాడికి నేను ట్యాబ్ కొనమని చెప్పలేను. వాడు ముఖం మాడ్చుకున్నాడు. షాపువాడు కూడా నన్ను విలన్‌ని చూసినట్టు చూశాడు.

చివరికి 16 జీబీ మెమొరీ, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ కొన్నాం. బరువు రెండు కిలోల పైనే. ఫ్యాను తిరిగితే గదంతా వినిపిస్తుంది. అందం లేదు, తళుకు లేదు. ఇంటికి రాగానే డావిన్చీ ఉచిత వెర్షను దాన్లోకి ఎక్కించాడు. తర్వాతి వారమే ఒక ఎడిటర్‌గారి దగ్గర కుర్చీ దొరికింది, జీతం మాత్రం ఇంకా తేలలేదు.

మొన్న ఆదివారం ఇంటికొచ్చి, “మావయ్యా, ఫ్రెండు షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాడు, స్టోరీబోర్డు గీయాలి, రెండ్రోజులు నీ ట్యాబ్ ఇవ్వవా?” అన్నాడు. ఇచ్చాను. ఇవాళ్టికి పదకొండు రోజులైంది.