వార్తవేషము దాల్చిన ప్రకటన

పత్రికలో వార్తయు నుండును, ప్రకటనయు నుండును. విలేకరి విచారించి వ్రాసినది వార్త. వ్యాపారి వెల యిచ్చి వేయించినది ప్రకటన. ప్రకటన వేయించుట తప్పు కాదు; అది వార్తవలె వేషము దాల్చుటయే తప్పు. ప్రకటనను మనము సందేహముతో చదువుదుము, వార్తను నమ్ముదుము. ఆ నమ్మకమునే వ్యాపారి సొమ్మిచ్చి కొనుచున్నాడు.

ఇది క్రొత్త మోసము కాదు. వెల పుచ్చుకొని ప్రచురించు రచనపై ‘ప్రకటన’ యని స్పష్టముగా ముద్రింపవలెనని అమెరికాలో 1912లోనే శాసనము చేసిరి. నూతన యంత్రముల విషయమున నీ మోసము మరింత సులభము. వాని గుణదోషములు వాడినగాని తెలియవు. కావున కొనువారు, ముందుగా వాడి చూచినవారి మాటపై నాధారపడుదురు.

2013లో మైక్రోసాఫ్ట్ సంస్థ ‘ఎక్స్‌బాక్స్ వన్’ అను వీడియో ఆటల యంత్రమును విడుదల చేసెను. మషీనిమా అను సంస్థ, యూట్యూబులో పేరుపొందిన వారిచే దానిని మెచ్చుకొను వీడియోలు చేయించెను. అందులకై ఒకరికి 15,000 డాలర్లు, మరియొకరికి 30,000 డాలర్లు ముట్టినవి. ఆ వీడియోలు స్వతంత్రాభిప్రాయములవలె కనబడెను. సొమ్ము సంగతి వీక్షకులకు సరిగా తెలుపలేదు. ఇది వంచన యని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2015లో అభియోగము మోపెను. ఇకమీదట నట్టి చెల్లింపులను వెల్లడి చేయుటకు మషీనిమా యంగీకరించెను.

విద్యార్థులారా! ఏ వస్తువును గూర్చిన సమీక్ష చదివినను మూడు ప్రశ్నలు వేసికొనుడు. దీనిని వ్రాసినవా రెవరు? వారికి సొమ్మిచ్చినవా రెవరు? వస్తువులోని లోపము నొక్కదానినైన చెప్పిరా? తెల్లనివన్నియు పాలు కావు. అచ్చుపడినవన్నియు వార్తలు కావు.