కథ చదివితే మనసు మారుతుందా?

‘కథల పుస్తకం మూసి లెక్కలు చేసుకో’ అన్న మాట వినకుండా పెరిగిన పిల్లలు మా గుడివాడ వైపు తక్కువ. ఆ మాట వెనక కొన్ని అపోహలున్నాయి.

అపోహ: సాహిత్యం ఉత్త కాలక్షేపం.

వాస్తవం: పెదపారుపూడి రైతుబిడ్డ రామోజీరావు 1978లో తెచ్చిన ‘విపుల’ మాసపత్రిక ఇతర భాషల కథలను తెలుగులో ఇచ్చేది. ఎన్నడూ చూడని ఊళ్ల మనుషుల దిగులు పాఠకుడికి తన ఇంటి అరుగు మీదే తెలిసొచ్చేది. ఎదురింటాయన పిల్లల మీద అరిస్తే మనకు అరుపే వినపడుతుంది. అదే కథలోనైతే ఆ పొద్దున ఆయనకు బ్యాంకు నోటీసు వచ్చిందనీ తెలుస్తుంది. మనిషి లోపలికి వెళ్లే ఈ దారి లెక్కల పుస్తకంలో దొరకదు.

అపోహ: మంచి కథ ఒక్కటి చదివితే చాలు, మనిషి మారిపోతాడు.

వాస్తవం: సాహిత్యాన్ని ప్రేమించే మనమే ఈ మాట ఎక్కువగా అంటాం. 2013లో కిడ్, కాస్టానో అనే పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. మంచి కథలోని కొన్ని పేజీలు చదివినవాళ్లు ఫొటోలో కళ్లు చూసి ఎదుటివారి భావాన్ని మెరుగ్గా పట్టుకున్నారన్నది దాని సారాంశం. తర్వాత వేరేవాళ్లు అదే ప్రయోగం చేస్తే చాలాసార్లు ఆ ఫలితం రాలేదు. ఏళ్ల తరబడి కథలు చదివే అలవాటుకూ, ఎదుటివారిని అర్థం చేసుకునే నేర్పుకూ కొద్దిపాటి సంబంధం మాత్రం కనపడుతోంది. నాకు ఆ కొద్దిపాటి మీదే నమ్మకం. ఒక్క తడికే వరి పండదు కదా!

అపోహ: చదువుంటే సంస్కారం దానంతటదే వస్తుంది.

వాస్తవం: గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకంలోని గిరీశాన్ని చూడండి. ఇంగ్లీషు వచ్చు, వితంతు వివాహం మీద ఉపన్యాసాలూ వచ్చు, సంస్కారం మాత్రం రాలేదు. మనకు చదువు కొత్తదేమీ కాదు, బందరులో నోబుల్ విద్యాసంస్థ 1843లోనే మొదలైంది. లోటు మనం బడిలో అడిగే ప్రశ్నలో ఉంది. పాఠం అయ్యాక ‘కథా సారాంశం రాయుము’ అంటాం. ‘కథలోని అమ్మాయి చోట నువ్వుంటే ఏం చేసేదానివి?’ అని అడగం.

అపోహ: తనను తాను తెలుసుకోవడం తీరికున్నవాళ్ల పని.

వాస్తవం: పెదపారుపూడి పక్కనే పామర్రు. అక్కడ 1918లో కొండపల్లి కోటేశ్వరమ్మ పుట్టారు. ఊహ తెలియని వయసులోనే పెళ్లి, వైధవ్యం. తర్వాత కమ్యూనిస్టు ఉద్యమం, అందులోనే ఉన్న కొండపల్లి సీతారామయ్యతో మళ్లీ పెళ్లి, అజ్ఞాతవాసం. భర్త విడిచి వెళ్లాక, పిల్లల తల్లి అయి ఉండీ ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివారు. కాకినాడలో ఆడపిల్లల హాస్టల్ మేట్రన్‌గా బతుకు వెళ్లదీశారు. ఇద్దరు బిడ్డలనూ పోగొట్టుకున్నారు. అంతటి బతుకులోనూ పాటలు, కథలు రాస్తూ తనను తాను తరచి చూసుకుంటూనే ఉన్నారు. ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో వచ్చేనాటికి ఆమెకు తొంభై దాటాయి. అంతకుముందే వచ్చిన ఆమె పుస్తకాల్లో ఒకదానికి పెట్టుకున్న పేరు ‘అశ్రు సమీక్షణం’.