కోసిన కొమ్మ ఆరితేనే వేరు

గట్టు మీద నాగజెముడుకు ఎవరూ నీరు పోయరు. రెమ్మ విరిగి పడినా అక్కడే వేరు పట్టుకుంటుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా రైతులు సాగు చేస్తున్న డ్రాగన్ ఫ్రూట్ కూడా జెముడు జాతి మొక్కే. అయినా కొత్త తోటల్లో కొన్ని మొక్కలు కుళ్లిపోతున్నాయి, మరికొన్ని ఎండకు మాడిపోతున్నాయి. ఇందుకు చాలావరకు తొందరపాటే కారణం.

వరుసల మధ్య 10 అడుగులు, స్తంభాల మధ్య 8 అడుగులు వదిలితే ఎకరాకు సుమారు 540 సిమెంటు స్తంభాలు పడతాయి. స్తంభానికి 4 చొప్పున 2,160 మొక్కలు కావాలి. పదింట ఒకటి చచ్చినా 216 మొక్కలు పోయినట్లే. స్తంభాలకు పెట్టిన డబ్బు మాత్రం తిరిగి రాదు.

కాపు కాసిన, తెగులు లేని ముదురు కొమ్మను శుభ్రమైన కత్తితో అడుగు పొడవు ముక్కలుగా కోయాలి. ఏది మొదలో, ఏది కొసో గుర్తు పెట్టుకోవాలి. కోసిన వెంటనే నాటరాదు. కొమ్మ నిండా నీరే గనుక పచ్చి గాయం తడి మట్టికి తగిలితే కుళ్లు పట్టుకుంటుంది. నీడలో, గాలి ఆడే చోట 5 నుంచి 7 రోజులు ఆరబెడితే గాయం గట్టిపడుతుంది. తర్వాత ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమంగా కలిపి సంచుల్లో నింపి, మొదలు వైపు రెండంగుళాలు దిగేలా నాటాలి. పైమట్టి ఆరాకే మళ్లీ తడపాలి. నెల, నెలన్నరలో వేర్లు వస్తాయి.

వేరు పట్టిందని ధీమా పనికిరాదు. లేత చిగురును చీమలు, నత్తలు కొరుకుతాయి. రోజూ చూసుకుని నత్తలను ఏరివేయాలి. నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో పెట్టకుండా కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. తోటలో నాటాక మొదటి వేసవి గడ్డుకాలం. ఎండ 40 డిగ్రీలకు చేరితే కొమ్మలు పసుపు పచ్చగా మారి, మచ్చపడి, చివరకు కుళ్లుతాయి. ముఖ్యంగా పడమటి ఎండ తగలకుండా నీడ వల కట్టి, వానలు పడ్డాక తీసివేయాలి.

బలమైన ఒక్క చిగురునే ఉంచి, జనపనార తాడుతో స్తంభానికి వదులుగా కట్టాలి. అది స్తంభం పైకి చేరాక కొస తుంచితే పక్క కొమ్మలు వచ్చి కిందికి వాలుతాయి. కాపు కాసే తోటలో కత్తిరించిన ముదురు కొమ్మలను పారవేయనక్కరలేదు. వాటినే ఆరబెట్టి నాటుకుంటే చచ్చిన మొక్కల చోట వేయడానికి సొంత నారు సిద్ధమవుతుంది. మొక్కలు కొనే ఖర్చు తప్పుతుంది.